గట్టు మీద పడిన బంతి

పెనుకొండలో అంజినప్ప ఇంటికి నేను ఎప్పుడు వెళ్లినా, వాకిట్లో అడుగు పెట్టకముందే లోపలి నుంచి అతని గొంతు వినిపించేది. "వచ్చినావా, బంతి ఇడిసిపెట్టినోడా!" అనేవాడు. నేను చెప్పులు విప్పుతూనే "వచ్చినా, బంతికి దోవ ఇచ్చినోడా!" అనేవాణ్ణి. మంచినీళ్లూ కుశల ప్రశ్నలూ ఆ తర్వాతే. వాళ్లింట్లో పెళ్లికి వెళ్లినా ఇదే వరస, చావుకు వెళ్లినా ఇదే వరస. చావుకు వెళ్లినప్పుడు మాత్రం గొంతులు తగ్గించి అనుకునేవాళ్లం. పోయిన నెలలో వెళ్లినప్పుడు వాకిలి దాటాను, నడవ దాటాను, మంచం పక్కకు పోయి నిలబడ్డాను. అంతసేపూ ఏ మాటా వినిపించలేదు.

అతని భార్య లక్ష్మీదేవి ఫోన్ చేస్తేనే హిందూపురంలో బస్సెక్కాను. అంజినప్పకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, కాలు చాలావరకు వచ్చింది, కుడి చెయ్యి మాత్రం రాలేదు. వాడుతూ ఉంటే అదీ వస్తుందని, వాడకపోతే అలాగే ఉండిపోతుందని డాక్టరు స్పష్టంగా చెప్పాడట. చేతికి కసరత్తు చేయించడానికి ఒక మనిషిని కూడా కుదిర్చాడు. ఆ మనిషి వచ్చేసరికి అంజినప్ప గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. "మా మాట ఇనడన్నా," అంది లక్ష్మీదేవి ఫోన్‌లో. "నువ్వొకసారి రా. మంచి మాటలు చెప్పొద్దు, అవి వచ్చినోళ్లందురూ చెప్పిపోయినారు. తగువు పెట్టుకో. తగువుకైనా లేస్తాడేమో."

నేను తగువుకు సిద్ధపడే వెళ్లాను. మంచం పక్కన కుర్చీ లాక్కుని, అతను అనవలసిన మాటకు ఆగకుండా నా మాట నేనే అన్నాను. అంజినప్ప తిరుగుతున్న ఫ్యాను వైపే చూస్తూ ఉన్నాడు. తల తిప్పకుండానే అన్నాడు. "నాదేలే అబ్బా ఆ బంతి. నేనే పోవల్సింది. నా రాత అట్లుండాది. ఆ పొద్దు బంతి పోయె, ఈ పొద్దు చెయ్యి పోయె." అంతే. మళ్లీ ఫ్యాను.

నేను బతుకంతా వాదించి బతికినవాణ్ణి. సభల్లో వాదించాను, పత్రికల్లో వాదించాను, రైలు పెట్టెల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లతో వాదించాను. ఎదుటివాడు "నువ్వు చెప్పిందే నిజం" అని ఒప్పుకుంటే ఎంత బాగుంటుందో అని ఎన్నోసార్లు అనుకున్నాను. ఒప్పుకోవడం ఇంత భయం పుట్టిస్తుందని మాత్రం ఆ రోజే తెలిసింది. లక్ష్మీదేవి కింద కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. ఆమె చేతులు కూడా ఆగిపోయాయి.

ఆ బంతి సంగతి చెప్పాలంటే హిందూపురం కాలేజీ మైదానానికి వెళ్లాలి. ఆనాటి హిందూపురం తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది చింతపండు వాసన. కాపు దిగే కాలంలో మార్కెట్ వైపు నుంచి గాలి తిరిగిందంటే హాస్టలు గదుల్లో పుస్తకాలకు కూడా ఆ పులుపు పట్టేది. పొద్దున సంగటి ముద్ద, నీళ్లలాంటి పప్పు, సాయంత్రం మళ్లీ అదే ముద్ద. ఆదివారాలు ఊళ్లో ఒక పఠన మందిరంలో పెద్దవాళ్లు సంఘ సంస్కరణ మీద చర్చలు పెట్టేవాళ్లు. మేము వెనక బెంచీల్లో కూర్చుని వినేవాళ్లం, పోను పోను మేమూ లేచి మాట్లాడేవాళ్లం. ఎవరు ఏం చెప్పినా "కారణం చెప్పు" అని అడగడం అక్కడే నేర్చుకున్నాను. మిగతా ఆరు రోజులూ ఎండ వాలగానే కాలేజీ వెనక ఉన్న ఎర్రమట్టి కోర్టు మీద బాస్కెట్‌బాల్. అంజినప్పా నేనూ ఒకే తరగతి, ఒకే గది, ఒకే కొబ్బరి నూనె సీసా. అతనిది తలుపుల. వానను నమ్ముకున్న మెట్ట చేలు, కొన్ని గొర్రెలు. నాది ధర్మవరం, మగ్గం ఇల్లు.

మాకు ఆట నేర్పినవాడు గంగాధరప్ప సారు. ఆయనది మడకశిర వైపు పల్లె. ఇంట్లో కన్నడం, కాలేజీలో తెలుగు, కోపం వస్తే రెండూ. పలచటి మనిషి, మోకాళ్ల దాకా వేలాడే ఖాకీ నిక్కరు, మెడలో ఈల. బాస్కెట్‌బాల్‌లో అవతలి జట్టును అడ్డుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మనిషికి మనిషి. వాడెక్కడికి పోతే నువ్వూ అక్కడికి పోవాలి, నీడలాగా. రెండోది జోన్. మనిషిని వదిలేసి చోటును కాయడం. నీ చోటులోకి ఎవడొస్తే వాడు నీవాడు, దాటిపోతే పక్కవాడి పాలు. గంగాధరప్ప సారు జోన్‌నే ఎంచుకున్నాడు. ఆయన ఆలోచనలో తప్పు పట్టడానికి లేదు. హాస్టలు ముద్ద తిన్న పిల్లలు మా ఎండల్లో మనిషి వెనక మనిషి పరుగెడితే సగం ఆట కాకముందే నాలుక బయట పెడతారు. చోటును కాస్తే దమ్ము మిగులుతుంది. పైగా రింగు దగ్గర ఎప్పుడూ ముగ్గురు ఉంటారు, దగ్గరకొచ్చి వేయడం ఎవరికీ సులభం కాదు. ముందు ఇద్దరం, వెనక ముగ్గురం. ముందు ఎడమ పక్క అంజినప్ప, అతని వెనక మూలలో నేను.

ఈ చోట్లు మా బుర్రకెక్కడానికి ఆయనొక పని చేశాడు. సున్నం పొడి డబ్బా తెచ్చి, కోర్టులో మా సగాన్ని ఐదు ముక్కలుగా గీశాడు. ఇంకే ఊళ్లో అయినా అది మామూలు గీతే అయ్యేదేమో. మా జట్టులో నేను తప్ప మిగతా అందరూ సేద్యగాళ్ల పిల్లలు. మర్నాటికల్లా ఆ ఐదు ముక్కలకూ పేర్లు పడ్డాయి. అంజినప్పది మిట్ట చేను. వాన పడితే నీళ్లు నిలిచే మూల కాబట్టి నాది వంక చేను. రింగు కింద ఉండే మా కెప్టెనుది నడిమి చేను. సున్నం గీత గట్టు. "నా చేన్లో కాలు పెట్టద్దు రా" అని నవ్వుతూ మొదలైన మాట నెల తిరిగేసరికి కాళ్లలో నిలిచిపోయింది. మా ప్రాంతంలో గట్టు దాటడమంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అన్నదమ్ములు మాటలు మానుకునేది గట్టు దగ్గరే. పక్కవాడి చేన్లో పని ఉన్నా గట్టు మీద నిలబడి కేకేస్తారు గానీ లోపలికి దిగరు. ఆ మర్యాదే, ఆ జంకే, మా జోన్‌లోకి దిగింది.

ఇందులో నా సంగతి వేరు. నాకు చేను లేదు, గట్టు లేదు. ధర్మవరంలో మా ఇల్లు ఒకటే పొడుగు గది, ఆ గదిలో సగానికి పైగా మగ్గం. నాయన తెల్లవారకముందే మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. నేస్తున్నంతసేపూ మాట్లాడేవాడు కాదు. మగ్గం కర్ర మీద వేలితో ఒకసారి కొడితే దారం కండె కావాలని, రెండుసార్లు కొడితే నీళ్లు కావాలని మాకు తెలుసు. అవ్వ గడప దగ్గర రాట్నం పెట్టుకుని కండెలు చుట్టేది. ఎడమ బుగ్గలో ఆకూ వక్కా, కుడి చేతిలో రాట్నం పిడి. పట్టు దారపు చిలప చేతికి రాగానే ముందు వాసన చూసేది. తడి పట్టుకు ఒక వాసన ఉంటుంది. ఉడికిన గింజల వాసనా కాదు, తడిసిన వెంట్రుకల వాసనా కాదు, రెంటికీ మధ్యలో ఏదో. ఇప్పుడు కూడా కొత్త పట్టుచీర మడత విప్పితే అందులో ఆ వాసన కోసం వెతుకుతాను, దొరకదు. అమ్మ పొయ్యి దగ్గర, తమ్ముడు చీర అంచు నేతలో సాయానికి నాయన పక్కన. అందరికీ ఆ ఇంట్లో ఒక చోటుంది, నాకు లేదు. పుస్తకం పట్టుకుని అవ్వ దగ్గర కూర్చుంటే "ఎలుతురుకు అడ్డంగా ఉండావు, లేయ్‌రా" అనేది, లేచి నాయన వైపు పోతే దారం తెగుతుందని అమ్మ అరిచేది. అలాంటివాడికి సున్నం గీతల మధ్య ఒక ముక్క ఇచ్చి "ఇది నీది, దీన్ని కాయి" అన్నారు. సేద్యగాళ్ల పిల్లల కన్నా నేనే ఆ చేనును ఎక్కువ ప్రేమగా కాశాను. ఆ సాయంత్రాల మీద నాకున్న బెంగలో సగం ఆ మట్టి మూల మీదే.

జోన్‌లో ఉన్న లోపం గట్టు దగ్గరే ఉంది. మనిషి కన్నా బంతి వేగం ఎక్కువ. అవతలివాళ్లు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చకచకా బంతి మారుస్తుంటే ఐదుగురం దాని వెనక జరగాలి, జరిగిన ప్రతిసారీ ఎక్కడో ఒక సందు తెరుచుకుంటుంది. తెలివైనవాడు చోటు మధ్యలో నిలబడడు, రెండు చోట్లు కలిసే దగ్గర నిలబడతాడు. అంజినప్ప చోటూ నా చోటూ కలిసే గీత మీద, కోర్టు పక్కగా ఒకడు నిలబడ్డాడనుకోండి. వాడి మీదికి ముందున్న అంజినప్ప వస్తే అతను కాసే మధ్య భాగం బయలవుతుంది. వెనకున్న నేను వస్తే నా వెనక మూల బయలవుతుంది. ఎవరో ఒకరు రావాలి, వచ్చినవాడి చోటును ఇంకొకరు కాయాలి, అది మాట్లాడుకుంటూ చేయాలి. ఇంకో లోపం, గురి తప్పిన బంతి రింగు తగిలి కింద పడేటప్పుడు. మనిషిని కాస్తున్నవాడికి ఎవణ్ణి వీపుతో ఆపాలో తెలుసు. చోటును కాస్తున్నవాడికి చోటు తెలుసు గానీ పక్కనే ఎగురుతున్న మనిషి తెలియడు. గంగాధరప్ప సారు ఇదంతా మాకు చెప్పాడు. మేము తలలూపాము. ఆట మొదలవగానే గట్టు దగ్గర ఆగాము.

ఒక సాయంత్రం ఆయనకు ఓపిక పోయింది. ఈల ఊది ఆట ఆపాడు. "ఏమప్పా దొరల్లారా! ఈ చేలు మీకు పట్టా చేసిచ్చినానా?"

"గీత దాటితే పక్కోడి దాంట్లోకి పోయినట్ల గదా సార్," అన్నాడు అంజినప్ప.

"పో! పోతే ఏమి, నీ మీద కేసేస్తాడా?"

"ఏస్తాడు సార్. మా చిన్నాయన గట్టు దాటినందుకు ఇప్పుటికీ కదిరి కోర్టుకు తిరుగుతాండాడు."

మేమంతా పడీ పడీ నవ్వాం. ఆయనా నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత బూటు కాలితో సున్నం గీతలన్నీ చెరిపేశాడు, చివరి గీత చెరిపేటప్పుడు కన్నడంలో ఏదో తిట్టాడు. కోర్టు మీద గీతలు పోయాయి. మా కాళ్లలోవి పోలేదు.

ఆ ఏడు కాలేజీల పోటీల్లో పెనుకొండ దాకా గెలుస్తూ వచ్చాం. చివరి ఆట ధర్మవరంలో, ధర్మవరం కాలేజీతో. మా ఊళ్లో, మా వీధి పిల్లలతో, హిందూపురం బనియను వేసుకుని ఆడాలి. బస్సు దిగగానే మా కెప్టెన్ ఒక నిమ్మకాయ తెచ్చి రింగు కింద పెట్టాడు. నేను దాన్ని కాలితో తన్నాను. అక్కడే ఒక చిన్న యుద్ధం జరిగింది. అంజినప్ప ఆ నిమ్మకాయ తీసుకుని జేబులో వేసుకుని, "దీంట్లో దేవుడుండాడో ల్యాడో గానీ, రసం ఉండాది. ఆట అయినాక నీళ్లలో పిండుకుందాం" అని ఇద్దరినీ ఊరుకోబెట్టాడు.

ధర్మవరం జట్టు పిల్లలు మాకన్నా పొట్టివాళ్లు. అయితే వాళ్ల చేతులు చిన్నప్పటి నుంచి మగ్గం మీద ఇటూ అటూ నాడె విసిరిన చేతులు. బంతి ఒకడి చేతిలో ఆగేదే కాదు, ఇటు పడి అటు పోయేది, మేము దాని వెనక తిరిగి తిరిగి అలసిపోయాం. దమ్ము మిగలడానికి ఎంచుకున్న జోన్‌లోనే దమ్ము పోయింది. అయినా దగ్గరికొచ్చి వేయనివ్వలేదు. ఆట ముగియడానికి కొద్ది క్షణాలున్నాయనగా ఒక్క పాయింటు ముందున్నాం. అవతలి చివర నుంచి మా తలల మీదుగా బంతి ఎగిరి వచ్చింది. దాన్ని అందుకున్నవాడు రామాంజి. మా ఇంటికి నాలుగిళ్ల అవతలి వాడు, కళ్లద్దాలకు దారం కట్టుకుని ఆడేవాడు. వాడు సరిగ్గా గట్టు మీద నిలబడ్డాడు. మిట్ట చేనుకూ వంక చేనుకూ మధ్య. రోడ్డు దాటేవాడిలాగా అటు అంజినప్పను చూశాడు, ఇటు నన్ను చూశాడు. అంజినప్ప ఒక కాలు వెనక్కి వేసి నా వైపు చూశాడు. నేను కొంచెం ముందుకు వచ్చి అతని వైపు చూశాను. ఎవరూ రావడం లేదని రామాంజికి అర్థమైంది. బంతిని చేతిలో ఒకసారి తిప్పుకుని, తీరిగ్గా వేశాడు. అది రింగుకు తగలకుండానే వలలో దిగింది.

ఆట అయ్యాక జట్టు మొత్తాన్ని మా ఇంటికే తీసుకుపోయాను. అమ్మ సంగటి కెలికి, వేరుశనగల ఊరుబిండి పచ్చడి నూరింది. పొడుగు గదిలో మగ్గం చుట్టూ పళ్లేలు పెట్టుకుని కూర్చున్నాం. చోటు చాలక అంజినప్ప మగ్గం గుంటలోకే కాళ్లు జారవిడిచి కూర్చున్నాడు. నాయన గుంటలో ఇంకొకరు కాళ్లు పెట్టడం నేను అంతకుముందు చూడలేదు.

"హిందూపురంలో రాహుకాలంలో బయల్దేరినాం, అందుకే పోయింది," అన్నాడు కెప్టెన్, ముద్ద మింగుతూ.

నాకు ఒళ్లు మండింది. "రాహువు వచ్చి గట్టు మీద నిలబడినాడా? నిలబడింది రామాంజి. వాని మీదికి పోవల్సినోడు పోలా. అదీ కారణం."

"కారణం కరెక్టుగా చెప్పినావు," అన్నాడు అంజినప్ప. "పోవల్సినోడు పోలా. నువ్వు పోలా."

"నేనా? ముందుండేది నువ్వు!"

"ఎనకోడు రావల్ల. నేను పోతే నడి మధ్య ఎవుడు కాస్తాడు, మీ తాతనా?"

"నేనొస్తే మూల ఎవుడు కాస్తాడు?"

అవ్వ రాట్నం ఆపి మా వైపు తిరిగింది. "ఏసింది మన రామాంజేగదా? మన వీధి పిల్లోడు గెలిస్తే ఏడుస్తారేమిరా, సిగ్గు ల్యాకుండా!" అంది. గది గదంతా నవ్వింది. నాయన కూడా నవ్వాడు, నోరు మూసుకునే. ఆ పూట ఓడిపోయి వచ్చి తిన్న సంగటి అంత రుచి నాకు తర్వాత ఏ విందులోనూ తగల్లేదు.

ఆ తగువు అక్కడ ముగియలేదు. అంజినప్ప బస్సు కండక్టరు అయ్యాడు. బత్తలపల్లి మీదుగా పోయే బస్సులో నేను ఎక్కితే, టికెట్ కొట్టకముందే జనంలో నుంచి అరిచేవాడు, "ఎనకోడు ముందుకు జరగల్ల! ఈయప్పకు ఎప్పుడూ అదే తెలీదు!" అని. బస్సు జనానికి అది మామూలు కండక్టరు మాట, నాకొక్కడికే తెలుసు అది ఏ ఆట గురించో. నేను మూఢనమ్మకాల మీద మాట్లాడిన సభల్లో వెనక నిలబడి, ప్రశ్నలు అడగండి అనగానే చెయ్యెత్తేవాడు, బంతి సంగతి అడుగుతాడేమోనని నేను చూపు తిప్పేసేవాణ్ణి. ఒకసారి ఇద్దరం గంగాధరప్ప సారు దగ్గరికి పోయి తీర్పు అడిగాం. ఆయన అప్పటికే పెద్దవాడయ్యాడు. అరుగు మీద కూర్చుని మా ఇద్దరి వాదనా ఓపికగా విన్నాడు. "మీ ఇద్దరిదీ కాదప్పా, నాది. సున్నం పోసినోణ్ణి నేను," అన్నాడు. ఆ తీర్పు మా ఇద్దరికీ నచ్చలేదు. ఇంటికి వస్తూ దారంతా, సారు నీ మీద జాలిపడి అలా అన్నాడంటే నీ మీద జాలిపడి అన్నాడని కొట్లాడుకున్నాం. పోయినేడు సారు చనిపోయాడు.

ఎవరి చోటులో వాళ్లుంటేనే లోకం బాగుంటుందని చెప్పేవాళ్లతో నేను బతుకంతా తగువు పడ్డాను. కులానికి ఒక వీధి, ఆడదానికి ఒక గది, చదువుకు ఒక వర్గం, ఇవన్నీ ఎవరో సున్నంతో గీసిన గీతలేనని రాశాను. పుస్తకాలు చదివి అలా అయ్యానని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ రోజు ధర్మవరం మైదానంలో ఒక సంగతి కళ్లారా చూశాను. మా ఐదుగురిలో ఎవడూ పనిదొంగ కాదు. ఎవడి చోటును వాడు ప్రాణం పెట్టి కాశాడు. అందరూ కర్తవ్యం చేస్తూనే ఉన్నారు, బంతి మాత్రం దిగిపోయింది. గట్టు మీద నిలబడ్డ మనిషి ఎవరి పాలూ కాడు. ఆకలితో నిలబడినా, అన్యాయం జరిగి నిలబడినా అంతే. ఇది నేను ఎన్ని వ్యాసాల్లో ఎన్ని రకాలుగా రాశానో. రాసిన ప్రతిసారీ ఎదురుగా అంజినప్ప కూర్చుని "అదంతా సరేలే, నువ్వెందుకు రాల్యా?" అంటున్నట్టే ఉండేది. ఆ ప్రశ్నకు బదులు వెతుక్కుంటూనే నా వాక్యాలు గట్టిపడ్డాయి.

ఇప్పుడు హిందూపురంలో ఆ మట్టి కోర్టు మీద సిమెంటు వేశారు. ఆడపిల్లలు కూడా ఆడుతున్నారు, నాకు అది చూస్తే కడుపు నిండుతుంది. దూరంగా ఒక వంపు గీత ఉంది, దాని అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లు. మా రోజుల్లో ఎంత దూరం నుంచి వేసినా రెండే, అందుకే జోన్ కొంతకాలం నిలబడింది. ఇప్పుడు గట్టు మీద వదిలేసినవాడికి ఇంకా ఎక్కువ ముట్టచెప్పాల్సి వస్తుంది. ఆ పిల్లలు ఒకరినొకరు గట్టిగా కేకలేసుకుంటారు, "నాది", "నువ్వు పో", "వెనక చూసుకో" అని. గొంతులు పోయేలా అరుస్తారు. మేము అలా అరవలేకపోయాం. కార్ల ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండ కొండ కింద కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి, ధర్మవరంలో మా వీధిలో మరమగ్గాల చప్పుడుకు మాట వినపడదు. వీటి మీద నాకు ఫిర్యాదు లేదు. రోజులు మారాలనే కదా నేనూ కొట్లాడాను. ఒక్కటే లోటు. ఇప్పుడు నాతో ఏకీభవించేవాళ్లున్నారు, నన్ను తిట్టేవాళ్లున్నారు, ఫోన్‌లో రెండు రకాలవాళ్లూ పొద్దున్నే పలకరిస్తారు. వాదించి, వాదించి, ఒకే పళ్లెంలో ముద్ద తిని, మర్నాడు మళ్లీ వాదించే మనిషి ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ ఫ్యాను వైపు చూస్తూ, తన రాత అని ఒప్పుకుని పడుకున్నాడు.

"కాదప్పా," అన్నాను. "ఆ బంతి నాది. నేనే రావల్సింది."

అంజినప్ప తల నా వైపు తిరిగింది. "ఏమంటివి?"

"నాది అంటాండా. మూల వదిలేసి వచ్చింటే రామాంజి వేసేవాడే కాదు."

అతని మొహంలో రంగు మారింది. "నేను మంచాన పడినానని జాలినా? ఇన్నేండ్లూ నోరు నొప్పి పుట్టేటట్ల చెప్తే ఒప్పుకోనోడివి, ఈ పొద్దు ఒప్పుకుంటావా? నీ జాలి ఎవునిక్కావల్ల?"

"నువ్వు ఒప్పుకుంటే న్యాయమూ, నేను ఒప్పుకుంటే జాలీనా?"

"నాది ఏరే. నాది రాత."

"యాడుండాది రాత? ఇంత దగ్గర కూర్చోని నీ నొసలే చూస్తాండా. ముడతలు తప్ప ఏమీ కనపడల్యా."

లక్ష్మీదేవి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను ఆమె చేటలోంచి కొన్ని కాయలు తీసుకుని మంచం మీద, దుప్పటి సాపు చేసి పరిచాను. "రాత సంగతి తర్వాత. కారణం చూద్దాం. ఇది రింగు. ఇదో, ఇది నువ్వు. ఇది రామాంజి. నేను ఈడిదాకా వచ్చినా," అని నా కాయను రామాంజి కాయకు దాదాపు తగిలేలా పెట్టాను.

అంజినప్ప దాన్ని చూశాడు. ఎడమ మోచేతి మీద బరువు వేసి కొంచెం లేచి మళ్లీ చూశాడు. "ఓరి నీ అబద్ధాలు కాల్చ! ఆడిదాకా యాడొచ్చినావు నువ్వు? ఆడిదాకా వచ్చింటే వాని కండ్లద్దాలు నీ మూతికి తగిలుండవా?"

"వచ్చినా."

"రాల్యా!"

ఒంటి బరువంతా ఎడమ చేతి మీద ఉంది. ఆ కాయను అక్కడి నుంచి తీసేయాలంటే అతనికి మిగిలింది ఆ రాని కుడి చెయ్యే. అది దుప్పటి మీద కదిలింది. వేళ్లు కాయను పట్టుకోలేకపోయాయి, మడిచిన వేళ్ల వెనక వైపుతో దాన్ని నెట్టాడు. ఇందులో వింత ఏమీ లేదు. వాడితే వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. నరాలకు పని కావాలి, మనిషికి పంతం కావాలి, అంతకు మించి నేను నమ్మను. లక్ష్మీదేవి చేట పక్కన పెట్టి మోకాళ్ల మీద లేచింది. నేను ఆమెకు మాట్లాడవద్దని కళ్లతో చెప్పాను. కాయ దొర్లి, ఆగి, మళ్లీ దొర్లి, నా మూల వైపు కొంత దూరం వచ్చి దుప్పటి ముడతలో ఇరుక్కుంది. అంజినప్ప నుదుటి మీద చెమట పట్టింది.

"సరే, ఆడ ఉంటి," అన్నాను. "అంతకన్నా ఎనక లేను. చెయ్యి తియ్యి."

"ఉండావు."

"లేనప్పా."

"ఉండావు! ఇంగా ఎనకుండావు, నాకు తెలీదా?" అంటూ అంజినప్ప ముడత మీద నుంచి కాయను నెడుతూనే ఉన్నాడు.